జ్వాలాపురపు నేలపొరలు చెప్పు కథ

బావి త్రవ్వించిన ప్రతి రైతునకును నేల పొరలుపొరలుగా నుండునని తెలియును. పైన నల్లరేగడి, దాని క్రింద సుద్ద కలిసిన మన్ను, ఆ క్రింద మొరము, అటుపిమ్మట బండ. ఇవి యన్నియు ఒక్కనాడు ఏర్పడినవి కావు. వరద తెచ్చిన ఒండ్రు, గాలి మోసిన ధూళి, కొండల నుండి జారిన రాళ్లు ఒకదానిపై నొకటి పేరుకొనగా ఏర్పడినవి. కావున ఎవరును కదపని నేలలో క్రిందిపొర పాతది, పైపొర క్రొత్తది. పురావస్తు త్రవ్వకములకు ఈ చిన్న సూత్రమే పునాది.

ఈ సూత్రము మన రాష్ట్రములోని ఒక పల్లెకు ప్రపంచఖ్యాతి తెచ్చినది. నంద్యాల జిల్లా బనగానపల్లె మండలములో, జుర్రేరు లోయయందు జ్వాలాపురమను గ్రామము కలదు. 2022 వరకు ఇది కర్నూలు జిల్లాలో నుండెడిది. ఈ శతాబ్ది తొలి దశకములో ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ ఆచార్యులు రవి కోరిసెట్టర్, విదేశ పండితులు మైకేల్ పెట్రాగ్లియా మున్నగువారు ఇచ్చట త్రవ్వకములు జరిపిరి. వాటి ఫలితములు 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటింపబడినవి.

గోతిలో పరిశోధకులు చూచినదేమి? అడుగున బంకమన్ను, ఒండ్రు పొరలు కలవు. వాటిలో మానవులు చెక్కిన రాతి పనిముట్లు లభించినవి. వాటిపైన తెల్లని బూడిదపొర యున్నది. కొన్నిచోట్ల దీని మందము సుమారు రెండున్నర మీటర్లు, అనగా ఎనిమిది అడుగులు. బూడిదపైన మరల ఒండ్రు, అందులో మరల రాతి పనిముట్లు.

ఈ బూడిద మన దేశపుది కాదు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవియందు టోబా అను అగ్నిపర్వతము మహోగ్రముగా ప్రేలినది. ఆ ప్రేలుడు వలన ఏర్పడిన గుంటయే నేటి టోబా సరస్సు. దాని పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. అచ్చట లేచిన బూడిద గాలిలో 2,500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన నేలపై రాలినది. బూడిదలోని సూక్ష్మమైన గాజురేణువుల రసాయన లక్షణములను సరిపోల్చి ఇది టోబా బూడిదయేనని నిర్ణయించిరి.

అంత దూరము నుండి వచ్చినది ఎనిమిదడుగులు పేరుకొనుట ఎట్లు సాధ్యమని సందేహము కలుగవచ్చును. ఆకాశము నుండి నేరుగా రాలినది కొద్ది అంగుళములే. అది పొర అడుగున స్వచ్ఛముగా కనిపించును. మిగిలినది వానలకు చుట్టుపట్ల మిట్టల నుండి కొట్టుకొనివచ్చి లోయలోని పల్లపుచోట చేరినది. చెరువులో పూడిక చేరునట్లే ఇదియును.

పొరల వయస్సును గుర్తించుటకు మరియొక ఉపాయము కలదు. ఇసుకరేణువు మట్టిలో కప్పబడి ఎండ సోకక ఎంతకాలము చీకటిలో నున్నదో శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో లెక్కింపగలరు. ఆ లెక్కప్రకారము బూడిద క్రిందిపొర సుమారు 77,000 ఏండ్ల నాటిది; పైపొర సుమారు 74,000 ఏండ్ల నాటిది. ఇట్టి లెక్కలలో కొన్నివేల ఏండ్ల హెచ్చుతగ్గులు ఉండవచ్చును.

క్రిందను, పైనను లభించిన పనిముట్లు చాలవరకు ఒకే తీరున నున్నవి. రాతిని కొట్టి తీసిన పెచ్చులు, గీకుటకు ఉపయోగించు రాళ్లు వాటిలో నున్నవి. బూడిద క్రింద గీతలు పడిన ఎఱ్ఱని జేగురురాయి ముక్కయు దొరకినది. టోబా ప్రేలుడు వలన మానవజాతి దాదాపు నశించినదని కొందరు తలంచుచుండిరి. జ్వాలాపురపు జనులు ఆ విపత్తును దాటి బ్రతికిరని ఈ పొరలు సూచించుచున్నవి. ఐతే వారు మనవంటి మానవులా, మరియొక ప్రాచీన మానవజాతివారా అను విషయమున పండితులలో వాదము కలదు. ఆ పొరలలో మనుష్యుల ఎముకలు దొరకలేదు. ఆ సమీపముననే ఒక రాతిచరియ క్రింద జరిపిన త్రవ్వకములో సుమారు 35,000 ఏండ్ల నుండి వాడుకలోనున్న చిన్న రాతిపనిముట్లు, పూసలు లభించినవి.

ఇందు పంచాయతీ సభ్యులు ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. పాత్రలు తోమెడు పొడి వంటి వాటికి పనికివచ్చునని ఈ బూడిదను త్రవ్వి తరలించుట జరిగినది. ఆ గోతుల గోడలందు పొరలు కంటికి కనిపించినమాట నిజమే. కాని త్రవ్విన మేర పొరలు శాశ్వతముగా పోయినవి. పొర నుండి ఊడిన పనిముట్టు ఉత్త రాయియే. అది ఏ పొరలో, ఏ లోతున, దేని ప్రక్కన ఉండెనో తెలిసినప్పుడే అది సాక్ష్యమగును. పంట పోయిన మరుసటి యేడు పండించుకొనవచ్చును. చెదరిన పొరను మరల పేర్చుట ఎవరికిని సాధ్యము కాదు.

కావున చెరువు పూడిక తీయునప్పుడు, బాటకు మొరము త్రవ్వునప్పుడు తెల్లని బూడిదచారగాని, చెక్కినట్లున్న రాళ్లుగాని, పాత కుండపెంకులుగాని, ఎముకలుగాని కనిపించిన యెడల పని అచ్చట నిలిపి, వస్తువులను కదపక, ఆ స్థలమును గుర్తుంచుకొని, తహసీల్దారునకును పురావస్తు శాఖకును తెలియజేయుట మేలు. పనివారికి ముందుగానే ఈ మాట చెప్పియుంచవలెను. ఊరి భూమి రికార్డులను భద్రపరచునట్లే, ఊరి నేలలో ప్రకృతి వ్రాసి యుంచిన ఈ రికార్డును భద్రపరచుటయు పంచాయతీ బాధ్యతయే యని గ్రహింపవలెను.