తొలి సాయంత్రం తీరిగ్గా!

కొత్త ఊళ్లో దిగగానే "పదండి, అన్నీ చూసేద్దాం" అంటారు మావారు. పిల్లలకేమో ఆకలి, మనకి నడుంనొప్పి! అందుకే విశాఖ వెళ్లినప్పుడు ముందే చెప్పేశాను, మొదటి సాయంత్రం ఒక్క చోటికేనని. కైలాసగిరి, 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి మర్నాటికి వాయిదా. స్నానాలు కానిచ్చి, కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక రామకృష్ణా బీచ్‌కి వెళ్లాం. అక్కడ సముద్రం తూర్పు దిక్కున. కాబట్టి సూర్యాస్తమయానికి అందుకోవాలన్న పరుగే లేదు. ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తిన్నాం. అలల ఉధృతి ఎక్కువ కనుక పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వలేదు. రాత్రికి హోటల్లో ఇడ్లీలు. ఆ పూటకి గరిటె పట్టకండి. ప్రయాణపు బడలిక అందరిదీ అయినప్పుడు, విశ్రాంతి ఇల్లాలికి మాత్రం వద్దా?