తేజస్ తోకలో రివెట్లు ఎందుకు తగ్గాయి?

బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు నడిపిన తేజస్ విమాన కార్యక్రమం గురించి మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 2001 జనవరి 4న అది బెంగళూరులో తొలిసారి ఎగిరింది. దాని తోక లోపలి సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

తోక పైపొర పలచన. బరువు పడితే వంగిపోకుండా లోపల పట్టీలు కావాలి. షెడ్డు రేకు ముడతలుగా ఉంటేనే కుంగదు కదా, పట్టీకీ ఆకారమే బలం. అల్యూమినియంలో పట్టీలను రివెట్లతో బిగిస్తారు. ప్రతి రంధ్రమూ పగులుకు మొదలు కావచ్చు.

బెంగళూరు ఎన్.ఏ.ఎల్. వాళ్లు కార్బన్ పోగుల పొరలు, పట్టీలు కలిపి ఆటోక్లేవ్‌లో వేడి, ఒత్తిడి పెట్టి ఒకే ముక్కగా గట్టిపరిచారు. రివెట్లూ బరువూ తగ్గాయి. చిక్కల్లా ఒకటే: అతుకులో గాలిబుడగ మిగిలితే విప్పి మార్చడానికి ఉండదు. అందుకే అతుకులను, కడుపులో బిడ్డను చూసినట్టు, అల్ట్రాసౌండ్‌తో చూస్తారు.