శాంక్షన్: అనుమతియా? ఆంక్షయా?

ఆంగ్ల దినపత్రికను శ్రద్ధగా చదువు విద్యార్థికి 'శాంక్షన్' అను పదము ఒకే సంచికలో రెండు వేషములతో కనబడును. మొదటి పుటలో ఒక దేశము మరొక దేశమును శాంక్షన్ చేసినదని వార్త యుండును, అది శిక్ష. లోపలి పుటలో ప్రభుత్వము ఒక వంతెనను శాంక్షన్ చేసినదని యుండును, అది అనుగ్రహము. పదము మారలేదు, వర్ణక్రమము మారలేదు. అర్థము మాత్రము తలక్రిందులైనది. ఆంగ్లమున ఇట్టి ద్విముఖ పదములు మరికొన్ని కలవు. 'ఓవర్‌సైట్' అనగా పర్యవేక్షణయు నగును, పొరపాటున చూడక విడుచుటయు నగును. కాని విద్యార్థి జీవితముతో శాంక్షన్‌కు ఉన్నంత సంబంధము వానికి లేదు. అందుచే ఈ ఒక్క పదమును గూర్చియే వివరింపదలచినాము.

దీని పుట్టుక లాటిన్ భాషలో నున్నది. ఒకదానిని పవిత్రముగా, ఉల్లంఘింపరానిదిగా శాసించుట అను భావముగల క్రియ దీనికి మూలము. సాధువును తెలుపు 'సెయింట్', అభయస్థానమును తెలుపు 'శాంక్చురీ' దీని జ్ఞాతులే. ఒక శాసనము చేయబడినపుడు దానికి రెండు ముఖము లుండును. శాసనము దేనిని బలపరచునో దానికి ఆమోదము లభించును. దానిని మీరినవానికి దండన లభించును. ఆంగ్లము ఈ రెండింటికిని ఒకే పేరు నిలుపుకొన్నది. చరిత్ర విద్యార్థులు చదువు 1713 నాటి 'ప్రాగ్మాటిక్ శాంక్షన్' లో అనుమతియు లేదు, ఆంక్షయు లేదు. హాబ్స్‌బర్గ్ వంశీయుడగు ఆరవ చార్లెస్ తన రాజ్యములు అవిభక్తముగా నుండవలెననియు, పుత్రులు లేనిచో పుత్రికకు సంక్రమింపవలెననియు చేసిన శాసనమది. అచ్చట పాత అర్థమే నిలిచి యున్నది.

ధర్మశాస్త్ర, నీతిశాస్త్ర గ్రంథములలో ఈ పదమునకు మరియొక అర్థచ్ఛాయ గలదు. జెరెమీ బెంథామ్ 1789లో ప్రకటించిన గ్రంథమున భౌతికము, రాజకీయము, నైతికము, మతపరము అని నాలుగు శాంక్షన్లను పేర్కొన్నాడు. మానవుని ఒక నియమమునకు కట్టుబడునట్లు చేయు సుఖదుఃఖముల మూలములని అతని భావము. దీనిని 'దండన' అని మాత్రమే అనువదించిన సగము అర్థము జారిపోవును.

ఇక మనకు నిత్యము తగులునది కార్యాలయ పరిభాష. ఇచ్చట శాంక్షన్ అనగా అధికారి యొసగు ఆమోదము. తెలుగువారు ఆ మాటను అట్లే గ్రహించి 'లోను శాంక్షనైనది', 'ఇల్లు శాంక్షనైనది' అని పల్లెలలో సైతము పలుకుచున్నారు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. స్కాలర్‌షిప్పు శాంక్షనైనదన్నచో సొమ్ము వచ్చినదని అర్థము కాదు. విద్యార్థి అర్హుడనియు, ఇంత మొత్తము చెల్లింపవచ్చుననియు అధికారి ఉత్తర్వు ఇచ్చెనని మాత్రమే అర్థము. ఆ పిమ్మట బిల్లు ట్రెజరీకి చేరవలెను, అచ్చట పాసు కావలెను, నిధులు విడుదల కావలెను, చివరకు బ్యాంకు ఖాతాలో జమ పడవలెను. శాంక్షన్, రిలీజ్, క్రెడిట్ అను మూడు మాటలు మూడు వేర్వేరు మజిలీలు. మొదటి మజిలీనే గమ్యమని తలచి, వచ్చు నెలలో తీర్చగలమను ధైర్యముతో అప్పు చేయు కుటుంబము లెన్నియో గలవు. కావున కార్యాలయమునకు వెళ్ళినపుడు "శాంక్షన్ అయినదా?" అని ఊరకొనక, ప్రొసీడింగ్స్ నంబరెంత, బిల్లు ట్రెజరీకి వెళ్ళినదా, నిధులు విడుదలైనవా అని వరుసగా అడుగవలెను. బ్యాంకువారి విద్యారుణము విషయము నిట్టిదే. శాంక్షన్ లేఖలో షరతులును గడువును ఉండును. సొమ్ము సాధారణముగా విడతలుగా విడుదలగును. లేఖను చూచి సంతోషించుటకు ముందు షరతులను చదువుట మేలు.

కళాశాల కమిటీవారికి ఈ భేదము చెప్పనక్కర లేదు. శాంక్షనైన అధ్యాపక పదవులు వేరు, భర్తీయైన పదవులు వేరు. కాగితముపై నున్న ఆచార్యుడు పాఠము చెప్పడు!

ఇంకొక వింత ప్రయోగమును చూడుడు. ప్రభుత్వోద్యోగిపై అవినీతి నేరారోపణ వచ్చినపుడు, న్యాయస్థానము ఆ నేరమును విచారణకు గైకొనుటకు 1988 నాటి అవినీతి నిరోధక చట్టము 19వ సెక్షను ప్రకారము పై అధికారుల శాంక్షన్ కావలెను. పత్రికలో "అధికారిపై శాంక్షన్" అని చూచి అతనికి శిక్ష పడినదని తలచుట సహజము. కాని అది విచారణ జరుపుటకు అనుమతి మాత్రమే; అతడు నిర్దోషిగా తేలవచ్చును.

అంతర్జాతీయ రంగములో అర్థము పూర్తిగా రెండవ వైపునకు ఒరిగినది. 1935లో ఇటలీ ఇథియోపియాపై దండెత్తగా నానాజాతి సమితి ఆర్థిక ఆంక్షలు విధించినది. వానిలో చమురును చేర్చలేదు. 1936 జూలైలో ఆ ఆంక్షలే ఎత్తివేయబడినవి. 1946లో భారతదేశము జాతివివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో వర్తకమును త్రెంచుకొన్నది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1966లో దక్షిణ రొడీషియాపై నిర్బంధ ఆంక్షలు విధించినది. 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షల పిమ్మట అమెరికా మన దేశముపైనే ఆంక్షలు పెట్టి, 2001లో చాలవరకు తొలగించినది. ఇందొక చిత్రము గలదు. ఐక్యరాజ్యసమితి ఛార్టరులో ఇట్టి ఆంక్షలకు ఆధారమైన 41వ అధికరణములో 'శాంక్షన్' అను మాటయే లేదు. 'చర్యలు' అను సాధారణ పదము మాత్రమే కలదు.

అర్థమును గుర్తించు టెట్లు? నామవాచకము బహువచనమున నుండి, దాని వెంట 'ఆన్' గాని 'అగైనెస్ట్' గాని వచ్చిన, ఎక్కువగా ఆంక్ష. ఏకవచనమున నుండి 'ఫర్' గాని 'ఆఫ్' గాని వచ్చిన, ఎక్కువగా అనుమతి. క్రియయైనచో కర్మను చూడవలెను. పథకమును, ఖర్చును, పదవిని శాంక్షన్ చేసిన అనుమతి. దేశమును, వ్యక్తిని శాంక్షన్ చేసిన దండన. అయినను 'ది కమిటీ శాంక్షన్డ్ ది క్లబ్' అను వాక్యమును ఏ వ్యాకరణమును తేల్చలేదు. ముందు వెనుకల వాక్యములే దిక్కు. దండించుట అను అర్థములో దీనిని క్రియగా వాడుట 20వ శతాబ్దమున వ్యాపించినది. పరీక్షలో వ్రాయు విద్యార్థి ఆ భావమునకు 'ఇంపోజ్ శాంక్షన్స్' అని వ్రాసిన సందేహమునకు తావుండదని మా అభిప్రాయము.

మన రెండు భాషలును ఈ చిక్కును ఎన్నడో విడదీసికొన్నవి. తెలుగులో ఒకటి మంజూరు, రెండవది ఆంక్ష. మంజూరు ఉర్దూ నుండి వచ్చిన మాటయే. దాని మూలమగు అరబ్బీ ధాతువునకు చూచుట అని అర్థము. అధికారి దృష్టికి వచ్చి, ఆయన చూచి అంగీకరించినది మంజూరు. 'నజర్' అను మాటయు, న్యాయస్థానములోని 'నాజరు' ఉద్యోగమును ఆ ధాతువు సంతానమే. ఇక దేశములపై విధించు శాంక్షన్లను ఉర్దూ పత్రికలు 'పాబందీ' అని వ్రాయును. పారసీకమున 'పా' అనగా పాదము, 'బంద్' అనగా కట్టు. ఆంగ్లము ఒకే ముద్రతో వేయు రెండు ఉత్తర్వులలో ఒకటి మనకు కంటిచూపుగను, రెండవది కాలికట్టుగను వినబడుచున్నది.