దళాలీ రాబడి: ఖర్చుల రశీదులు భద్రపరచడం మేలు

హొళగుంద: ఆదోని యార్డుకు సరుకు చేర్చే హొళగుంద ప్రాంతంలో సొంతంగా దళాలీ చేసుకునేవారు ఆదాయపు పన్ను విషయంలో ఒక తేడా గమనించవలసి ఉన్నది. సొంత పెట్టుబడితో కొని అమ్మే చిన్న వర్తకునికి 1961 చట్టంలోని 44ఎడి సెక్షను కింద అమ్మకాలపై నూటికి 8, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై నూటికి 6 చొప్పున లాభం చూపే సదుపాయం ఉండేది. కమీషన్, దళాలీ రాబడికి అది వర్తించదు. దళారి లెక్కలు వ్రాసి అసలు ఖర్చులే చూపుకోవాలి.

దుకాణం అద్దె, గుమాస్తా జీతం, టెలిఫోను, వ్యాపారం మీద తిరిగిన పెట్రోలు, బ్యాంకు అప్పుపై వడ్డీ, వాహనం తరుగుదల మినహాయింపుకు అర్హమైనవి. ఇంటి ఖర్చులు, జరిమానాలు చెల్లవు. ఒకే మనిషికి ఒకే రోజు రూ. 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చు సాధారణంగా త్రోసివేయబడుతుంది.

ఉదాహరణకు మిల్లుల నుండి ఏడాదికి రూ. 15 లక్షల దళాలీ వచ్చిందనుకుందాం. 2024 అక్టోబరు 1 నుండి నూటికి 5 బదులు 2 వంతున కోత అమలైనందున రూ. 30,000 ముందే మినహాయిస్తారు. రూ. 5 లక్షల ఖర్చుకు రశీదులుంటే నికరాదాయం రూ. 10 లక్షలు. 2025-26 కొత్త పద్ధతి రేట్లలో దీనికి పన్ను లేదు. రిటర్ను దాఖలు చేస్తే రూ. 30,000 వాపసు వస్తుంది. రశీదులు లేక ఖర్చంతా త్రోసివేస్తే సెస్సుతో రూ. 1,09,200 పన్ను పడుతుంది.

అడితిదారులకు 1986 మార్చి 17 నాటి 452వ సర్క్యులరు ముఖ్యమైనది. రైతు పక్షాన అమ్మిపెట్టే కచ్చా అడితికి ఆడిట్ పరిమితి లెక్కలో కమీషన్ మాత్రమే టర్నోవరు. సొంత బాధ్యతపై లావాదేవీ జరిపే పక్కా అడితికి మొత్తం అమ్మకం లెక్కకు వస్తుంది. పట్టీలలో ఈ తేడా స్పష్టంగా కనిపించాలి.

2025 నాటి కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల అంకెలు వేరు గనుక ఆడిటరుతో సరిచూసుకోవడం మంచిది.