గుండెపోటుకు పల్లె, పట్నం భేదం లేదు

అనంతపురం: ఎండలో పలుగూ పారా పట్టే మనిషికి గుండెజబ్బు రాదన్న నమ్మకం కరవు పల్లెల్లో నేటికీ బలంగా ఉంది. రాగిసంగటి తినే ఒంటికి అది అంటదని పెద్దలు కొట్టిపారేస్తారు. వాస్తవం వేరు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణ కారణాలపై 2006లో వెలువడిన అధ్యయనంలో గుండె, రక్తనాళాల వ్యాధులే మొదటి స్థానంలో నిలిచాయి. వందలో 32 మరణాలు వాటివల్లనే. అది పచ్చని డెల్టా కావచ్చు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానే దక్కే అనంత మెట్టలోనూ ఈ జబ్బుకు కారణాలు అవే.

గుండె కండరానికి రక్తం అందించే ధమనుల లోపలి గోడలో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఆ పొర చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటే, ఆ మేరకు కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఇదే గుండెపోటు. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొవ్వు, బానపొట్ట, మానసిక ఒత్తిడి దీనికి ప్రధాన కారకాలని 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్‌’ అధ్యయనం 2004లో తేల్చింది. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, ఇతరులకన్నా అయిదారేళ్లు ముందుగా వస్తున్నట్లు ఆ అధ్యయనంలోనే బయటపడింది.

వీటిలో రైతు ఇంట ముందుగా కనిపించేది బీడీ. సిగరెట్టుకన్నా బీడీ నయమన్నది భ్రమే. నమిలే పొగాకుకూ ఈ పాపంలో వాటా ఉంది. ఆపై వేరుశనగ ఎండిపోయి, బోరులో నీరు పడక, అప్పే మిగిలిన ఏట కంటికి నిద్ర ఉండదు. ఒంటి శ్రమ గుండెకు మేలు చేసేదే. అంతమాత్రాన బీడీ చేసే చేటును, రక్తపోటును అది తుడిచివేయదు. సంగటి మంచిదే, పక్కన నంజుకునే ఊరగాయలోని ఉప్పు సంగతే ఎవరికీ పట్టదు.

ప్రాణం తీసేది చాలావరకు ఆలస్యమే. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపించినా ‘గ్యాస్‌’ అనుకుని సోడా తాగి పడుకుంటారు. తెల్లవారి ఆసుపత్రికి చేరేసరికి కండరం చాలావరకు దెబ్బతిని ఉంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ తొలి గంటల్లోనే బాగా పనిచేస్తుంది. మధుమేహులకు, మహిళలకు ఒక్కోసారి నొప్పే ఉండదు. ఆయాసం, నీరసమే లక్షణాలు. ఏ వేళయినా వెంటనే 108కు ఫోన్‌ చేయాలి.

పుట్టపర్తిలోని సత్యసాయి సూపర్‌ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి గుండె శస్త్రచికిత్సలు ఉచితంగా చేస్తోంది. 2007లో ఆరోగ్యశ్రీ తొలిగా అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అయినా, చచ్చిన కండరాన్ని ఏ శస్త్రచికిత్సా బతికించలేదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రక్తపోటు, మధుమేహ పరీక్షలు ఉచితం. రక్తపోటు అదుపులోకి వచ్చిందని మాత్రలు మానేస్తే అది మళ్లీ పెరుగుతుంది. పైకి కనిపించే లక్షణమేదీ ఉండదు గనుక, మానేసినవారికి ఆ సంగతి తెలియదు.