రెండు దేశముల నడుమ విద్యా వినిమయము

మిడుతూరు వంటి గ్రామమునుండి నంద్యాలకో, కర్నూలుకో పోయి పట్టభద్రుడైన యువకునికి, విదేశ విశ్వవిద్యాలయములు ధనికుల బిడ్డలకేయని తోచుట సహజము. పొలము తాకట్టుపెట్టి పోవుట తప్ప మార్గము లేనిచో ఆ తలంపు నిజమే యగును. కాని వేరొక మార్గము కలదు. రెండు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొని, తమ విద్యార్థులను, అధ్యాపకులను ఒకరి దేశమునకు మరియొకరు పంపుకొనుటను విద్యా వినిమయమందురు. అట్టి పథకము మన దేశమున ఎట్లు నెలకొన్నదో తెలిసికొన్నచో, దానిని వినియోగించుకొను విధము కూడ బోధపడును.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియునాటికి అమెరికా సైన్యపు లారీలు, యంత్రములు, ఇతర సామగ్రి పలు దేశములలో మిగిలిపోయినవి. వానిని కొనదలచిన దేశములకు డాలర్లు కొరతగా నుండెను. అప్పుడు ఆర్కన్సా రాష్ట్రపు సెనేటరు విలియం ఫుల్‌బ్రైట్ ఒక ఉపాయము చెప్పెను. ఆ దేశములు తమ నాణెముతోనే వెల చెల్లింపవచ్చును. ఆ సొమ్మును విద్యా వినిమయమునకు వెచ్చింపవచ్చును. 1946 ఆగస్టు 1న ఇది చట్టమైనది.

భారతదేశము 1950 జనవరి 26న గణతంత్రమైనది. వారము తిరుగగనే, ఫిబ్రవరి 2న, ప్రధానమంత్రి నెహ్రూ, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ ఈ పథకపు ఒడంబడికపై సంతకములు చేసిరి. కొత్తగా తలయెత్తిన దేశము తొలినాళ్లలో చేసికొన్న ఒప్పందములలో చదువునకు సంబంధించినది ఒకటి యుండుట గమనింపదగినది.

ఇట్టి పథకమునకు మూడు పునాదులు కావలెను. మొదటిది ఉమ్మడి యాజమాన్యము. ఒక దేశము ఇచ్చునది, వేరొక దేశము పుచ్చుకొనునది యైనచో అది దానమగును గాని వినిమయము కాదు. అందుచేత భారతీయులు, అమెరికనులు కలసి కూర్చుండు పాలక మండలి ఏర్పడినది.

రెండవది నిధి. రూపాయలతో ఇచ్చటికి వచ్చు అమెరికనుల బస, భోజనములు జరుగును. మనవారి ప్రయాణపు ఖర్చు గడచును. కాని అచ్చటి కళాశాల జీతము డాలర్లలో కట్టవలెను. ఈ చిక్కునకు కొంత పరిష్కారము కరవు కాలముననే దొరికినది. రాయలసీమలో గంజి కేంద్రములు వెలసిన యేండ్లవి. 1951లో తిండిగింజల కొరకు అమెరికా మనకు 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చెను. దానిపై మనము కట్టు వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు ఉభయ దేశముల విద్యార్థుల, ఆచార్యుల రాకపోకలకును, మన ఉన్నత విద్యాసంస్థలకు పుస్తకములు, ప్రయోగశాల పరికరములు కొనుటకును కేటాయింపబడినది. ఆకలి తీర్చిన ధాన్యపు వడ్డీయే ఈ విధముగ విద్యకు పెట్టుబడి యైనది. 2008లో కుదిరిన కొత్త ఒడంబడికతో భారత ప్రభుత్వము కూడ నిధులలో, నిర్వహణలో సమభాగి యైనది. ఫెలోషిప్పులకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అను పేరు వచ్చినది.

మూడవది బహిరంగమైన ఎంపిక. ప్రకటన వెలువడును, అభ్యర్థి తానే దరఖాస్తు చేసికొనవలెను, యోగ్యతను బట్టి ఎన్నిక జరుగును. దళారులకు ఇందు తావు లేదు. ఎంపిక చేయింతునని ఎవరైన ధనమడిగినచో నమ్మరాదు. స్నాతకోత్తర విద్యకిచ్చు ఫెలోషిప్పునకు పట్టముతోపాటు కనీసము మూడేండ్ల ఉద్యోగానుభవము కోరుట పరిపాటి. నియమములు మారవచ్చును గనుక ఏ యేటి ప్రకటనను ఆ యేడు చూచుకొనవలెను. ఇంగ్లీషున చక్కగ వ్రాయుట, మాటలాడుట ముందునుండియే అభ్యసింపవలెను.

ఇంకొక నియమము గ్రామీణులకు ముఖ్యమైనది. ఈ పథకమున పోయినవారు చదువు ముగియగనే స్వదేశమునకు రావలెను. రెండేండ్లు ఇచ్చట నివసింపనిదే అచ్చట స్థిరనివాసమునకు సామాన్యముగ అనుమతి దొరకదు. దీనిని ఆటంకముగ తలపరాదు. మెట్ట సేద్యమును, నీటి పొదుపును, ప్రజారోగ్యమును నేర్చినవాడు తిరిగి వచ్చినప్పుడే గదా ఆ నేర్పు ఊరికి దక్కును!

కావున ఉపాధ్యాయులును, గ్రంథాలయ నిర్వాహకులును ఈ ప్రకటనలను యువతీయువకుల దృష్టికి తేవలెను. అర్హత కలిగియు, వార్త చేరని కారణమున ఒక విద్యార్థి అవకాశము కోల్పోవుట గ్రామమునకంతకును నష్టము.