సైగల అనువాదానికి మంచి మనసుతో పాటు శిక్షణా కావాలి

మన సంఘంలో ఒక కుటుంబం ఉందనుకోండి. తల్లిదండ్రులిద్దరూ బధిరులు, వారి మధ్య పదేళ్ల కూతురు. కాపరిగారు ప్రసంగిస్తుంటే ఆ పాప తనకు అర్థమైనంత మట్టుకు సైగలతో అమ్మానాన్నలకు చెబుతుంది. అది చూసి మనం మెచ్చుకుంటాం. అయితే సోమవారం అదే పాప తల్లితో ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు చెప్పిన జబ్బు పేరు, ఆపరేషన్ సంగతి తనే అమ్మకు చెప్పవలసి వస్తే? పదేళ్ల బిడ్డ మోయదగిన బరువేనా అది?

ఆ బరువు మోయవలసినవారు శిక్షణ పొందిన సంజ్ఞా భాష అనువాదకులు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైమాటే. వారి అవసరానికి తగినంతమంది అనువాదకులు మనకు లేరు.

సంజ్ఞా భాష అంటే తెలుగు మాటలను చేతులతో చూపించడమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. భారతీయ సంజ్ఞా భాషకు తనదైన వ్యాకరణం ఉంది. ‘ఎవరు’, ‘ఎక్కడ’ వంటి ప్రశ్న పదాలు సాధారణంగా వాక్యం చివరన వస్తాయి. ‘వచ్చాడు’, ‘వచ్చాడా?’ అనే రెండింటికీ చేతి సైగ ఒకటే కావచ్చు. తేడా కనుబొమ్మల్లో, ముఖంలో కనిపిస్తుంది. అందుకే నాలుగు సైగలు నేర్చుకున్నవారు పలకరించగలరు గాని ప్రసంగాన్ని అనువదించలేరు.

ఈ వృత్తికి దారి ఏమిటి? భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. అక్కడ అనువాదకుల కోసం రెండేళ్ల డిప్లొమా ఉంది. ఇంటర్ పూర్తిచేసినవారు దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. భాష రుచి చూడదలచినవారికి స్వల్పకాలిక కోర్సులూ ఉన్నాయి. ఆ కేంద్రం తయారుచేసిన సంజ్ఞా నిఘంటువులో 2021 నాటికి 10,000 పదాలు చేరాయి. వినికిడి, వాక్ లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. మన ప్రాంతపు యువత అక్కడా విచారించవచ్చు. ఎక్కడ చేరినా, ఆ కోర్సుకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

శిక్షణలో భాషతో పాటు పని నియమాలూ నేర్పుతారు. విన్నదాన్ని సైగల్లోకి, సైగలను మాటల్లోకి రెండు వైపులా మార్చాలి. దేనినీ కలపకూడదు, దేనినీ విడువకూడదు. బధిరుడు “నాకు నొప్పిగా ఉంది” అంటే అనువాదకుడూ “నాకు” అనే చెప్పాలి. ఆసుపత్రిలో, కోర్టులో తెలిసిన సంగతిని బయట చెప్పకూడదు. మనసు అలసిపోతే తప్పులు దొర్లుతాయి కనుక, సుదీర్ఘమైన సభల్లో ఇద్దరు అనువాదకులు సుమారు ఇరవై నిమిషాలకు ఒకసారి మారుతుంటారు.

పని ఎక్కడ దొరుకుతుంది? బడులు, కళాశాలలు, ఆసుపత్రులు, కోర్టులు, టీవీ వార్తలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం టీవీ వంటి మాధ్యమాల్లో సంజ్ఞా భాష అనువాదాన్ని ప్రస్తావించింది. 2023లో ఒక బధిర న్యాయవాది అనువాదకుని సహాయంతో సుప్రీంకోర్టులో వాదన వినిపించారు.

మార్కు సువార్త 7వ అధ్యాయం గుర్తుచేసుకుందాం. యేసు ప్రభువు ఆ చెవిటివానిని గుంపులో నుండి పక్కకు తీసుకువెళ్లాడు. మాట పలకక ముందే అతని చెవులను, నాలుకను తాకాడు. అతనికి అర్థమయ్యే రీతిలో మొదలుపెట్టాడు.

మన సంఘాలు కూడా అలాగే మొదలుపెట్టవచ్చు. ఆసక్తి ఉన్న ఒక యువకుడినో యువతినో గుర్తించి, వారి ఫీజులో కొంత భాగం భరించండి. భాషను బధిరుల దగ్గరే కూర్చుని నేర్చుకోమని వారికి చెప్పండి, ఎందుకంటే అది వారి భాష. మందిరంలో అనువాదకునికి ప్రసంగీకుని పక్కనే, మంచి వెలుతురులో చోటివ్వండి. ప్రసంగ వాక్యభాగాన్ని ముందు రోజే అందజేయండి.

అప్పుడు ఆ పదేళ్ల పాప ఆదివారం తన ఈడు పిల్లలతో సండే స్కూలులో కూర్చుంటుంది. వాళ్ల అమ్మ ప్రసంగమంతా గ్రహిస్తుంది.